స్తంభం దగ్గర మొదలుపెట్టండి: బ్రాంచీలున్న వ్యాపారం ఎస్‌డీ-వాన్‌కు మారే పద్ధతి

"సార్, బిల్లు తిరుగుతోంది."

బ్రాంచీల నుంచి నాకొచ్చే ఫోన్లలో చాలావరకు ఈ మాటతోనే మొదలయ్యేవి. లైన్ పోయిందని కాదు. రూటర్ మీద లైట్లన్నీ పచ్చగానే ఉంటాయి, పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే చిన్న పరీక్ష) వెళ్తుంది. కౌంటర్లో మాత్రం స్క్రీన్ మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది, ఎదురుగా కస్టమర్లు పెరుగుతుంటారు. లైన్ పూర్తిగా పోతే ఎవరికైనా తెలుస్తుంది, పాత రూటర్ కూడా రెండో లైనుకు మారిపోతుంది. పోకుండా, సరిగ్గా పనిచేయకుండా మూలుగుతూ ఉండే లైనే వ్యాపారాన్ని ఎక్కువ దెబ్బతీస్తుంది. దాన్ని పట్టుకోవడం పాత రూటర్‌కు చేతకాదు. బ్రాంచీల లైన్లను సాఫ్ట్‌వేర్‌తో కొలిచి నడిపే పద్ధతి ఎస్‌డీ-వాన్, అది తన ఖర్చుకు తగిన పని చేసేది ఇక్కడే.

ఈ వ్యాసం ఒక హెడ్డాఫీసు, ఐదు నుంచి యాభై దాకా బ్రాంచీలు ఉన్నవాళ్ల కోసం. నేను చేసిన వాటిలో ఒక మందుల హోల్‌సేల్ సంస్థ పనిని ఉదాహరణగా తీసుకుంటాను. హెడ్డాఫీసు విజయవాడలో, బ్రాంచీలు 14, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒంగోలు దాకా.

సంగతి క్లుప్తంగా ఇదీ. బ్రాంచిలో ఒక బాక్సు పెట్టి దానికి రెండో మూడో లైన్లు కలుపుతాం: ఒక లీజ్డ్ లైన్ (మనకోసమే విడిగా అద్దెకిచ్చే లైన్), ఒక బ్రాడ్‌బ్యాండ్, ఒక 4జీ సిమ్. బాక్సు ప్రతి లైను మీదా హెడ్డాఫీసుకు ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్, అంటే బయటివాళ్లు చదవలేని దారి, వేస్తుంది. అందులోంచి చిన్న ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఆగకుండా పంపుతూ మూడు కొలతలు తీస్తుంది. దారిలో ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయన్నది లాస్. ఎంత ఆలస్యమవుతోందన్నది లేటెన్సీ. ఆ ఆలస్యం ఎంత ఎగుడుదిగుడుగా ఉందన్నది జిట్టర్. ఫోన్ కాల్ ఏ లైన్లో పోవాలి, బిల్లింగ్ దేంట్లో, సీసీటీవీ దేంట్లో అన్నది ఆ కొలతల్ని బట్టి నిర్ణయిస్తుంది. రూల్స్ అన్నీ ఒకచోట కంట్రోలర్‌లో రాస్తాం, బ్రాంచీలన్నిటికీ అక్కడి నుంచే వెళ్తాయి. గూగుల్ తన డేటా సెంటర్ల మధ్య లైన్లను సాఫ్ట్‌వేర్‌తో ఎలా నడుపుతోందో బీ4 పేరుతో 2013లో పేపర్ వేసింది. 2017లో ఎస్‌డీ-వాన్ కంపెనీలైన విప్టెలాను సిస్కో, వెలోక్లౌడ్‌ను వీఎంవేర్ కొన్నాయి. 2019లో ఎస్‌డీ-వాన్ సేవలకు ఎంఈఎఫ్ 70 అనే ప్రమాణం వచ్చింది. అంటే ఇది ప్రయోగదశ దాటి చాలా కాలమైంది, భయపడాల్సిన పనిలేదు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ బాక్సు దారిని ఎంచుకోగలదు, కొత్తగా వేయలేదు. రెండు లైన్లూ ఒకేసారి తెగితే ఎంత ఖరీదైన బాక్సయినా చేసేదేమీ లేదు. అందుకే నా లెక్కలో పని మొదలయ్యేది వెండర్ డెమోతో కాదు, బ్రాంచి వెనక సందులో.

మొదటి అడుగు: లైన్లను కళ్లతో చూడండి

గోదావరి జిల్లాలో ఒక బ్రాంచికి రెండు వేర్వేరు కంపెనీల నుంచి రెండు లైన్లు ఉన్నాయని కాగితం మీద ఉంది. వెళ్లి చూశాను. గోడ మీది పెట్టె నుంచి రెండు నల్ల వైర్లు బయటికొచ్చి, ఒకే కరెంటు స్తంభానికి, ఒకే ఇనుప కొక్కేనికి, ఒకే జిప్ టైతో కట్టి ఉన్నాయి. అక్కణ్నుంచి నాలుగు స్తంభాల దాకా కలిసే నడిచాయి. ఎత్తుగా గడ్డి వేసుకొచ్చే ట్రాక్టర్ ఒక్కటి చాలు, రెండూ తెగుతాయి. ఆ ఏడాది అప్పటికే రెండుసార్లు తెగాయని అక్కడి కౌంటర్ కుర్రాడు చెప్పాడు.

ఇందులో లెక్క కూడా ఉంది. ఒక లైన్ 99.5 శాతం సమయం నిలబడుతుందనుకోండి, ఏడాదికి సుమారు 44 గంటలు ఉండదు. అలాంటివే రెండు, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనివి పెట్టుకుంటే, రెండూ ఒకేసారి పోయే సమయం ఏడాదికి 13 నిమిషాలే. 44 గంటలు 13 నిమిషాలవడం ఆ 'సంబంధం లేకపోవడం' మీదే నిలబడి ఉంది. ఒకే స్తంభం మీద వేలాడితే మళ్లీ 44 గంటల దగ్గరికే వస్తారు, రెండు బిల్లులు కడుతూ.

కాబట్టి ప్రతి బ్రాంచికీ ఒక కాగితం తీయండి. లైన్ ఎవరిది, స్తంభాల మీదుగా వస్తోందా, భూమిలోంచా, రేడియోనా? ఏ రోడ్డు వైపు నుంచి లోపలికొస్తోంది? ఇచ్చే కంపెనీ తన సొంత ఫైబర్ వాడుతోందా, లోకల్ కేబుల్ ఆపరేటర్ దగ్గర తీసుకుంటోందా? మన దగ్గర ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగా వెళ్తుంది. తెలంగాణలో టీ-ఫైబర్‌ను మిషన్ భగీరథ పైపుల కందకాల వెంట వేసే పద్ధతి ఎంచుకున్నారు. గాలివానకు ఒకటి, రోడ్డు తవ్వకానికి ఇంకొకటి దొరుకుతాయి. రెండూ ఒకే దెబ్బకు దొరకకుండా ఎంచుకోవడమే మన పని. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలూ సెల్ సిగ్నళ్లూ కలిసే పోయాయి. కోస్తాలో ఉన్నవాళ్లు స్తంభం మీది ఫైబర్‌కు 4జీని జోడించి ఇక చాలనుకోకూడదు. కనీసం ముఖ్యమైన గోడౌన్‌కైనా భూమిలోంచి వచ్చే లైను ఒకటి వెతకండి.

అక్కడే ఉన్నప్పుడు కరెంటు కూడా చూడండి. రూటర్‌ను యూపీఎస్‌కు పెట్టి, ఫైబర్ వచ్చి దిగే చిన్న తెల్ల పెట్టెను మామూలు ప్లగ్గుకు పెట్టిన బ్రాంచీలు నాకు 14లో ఐదు కనిపించాయి. కరెంటు పోతే రూటర్ బతికే ఉంటుంది, లైన్ పోతుంది. ఆ ప్లగ్గులు మార్చడానికి ఒక్కో చోట పది నిమిషాలు పట్టింది. ఎస్‌డీ-వాన్ రాకముందే ఫిర్యాదులు తగ్గాయి.

రెండో అడుగు: ఏ పని ఎక్కడికి వెళ్తోందో రాసుకోండి

ఐటీ వాళ్లను అడిగితే అప్లికేషన్ల పేర్లు చెప్తారు. కౌంటర్లో కూర్చుని చూస్తే పనులు కనిపిస్తాయి. మా ఉదాహరణలో తేలినవి ఇవి: హెడ్డాఫీసులోని టాలీకి రిమోట్ డెస్క్‌టాప్, ఆర్డర్ల వెబ్ అప్లికేషన్, ఈ-వే బిల్లులు, బ్యాంకు పోర్టల్, కార్డు మిషన్లు, ఇంటర్‌కామ్ ఫోన్లు, సీసీటీవీ, సిబ్బంది వాట్సాప్.

వీటిలో ఒక్కోదాని స్వభావం ఒక్కో రకం. ఫోన్ కాల్‌కు బ్యాండ్‌విడ్త్ దాదాపు అక్కర్లేదు. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతుల్లో ఒకటి) ఒక కాల్ ఒక వైపుకు 87 కేబీపీఎస్ దాకా తీసుకుంటుంది. ఎనిమిది కాల్స్ కలిసినా 1 ఎంబీపీఎస్ దాటవు. కానీ లాస్, జిట్టర్ అస్సలు ఓర్చుకోదు. సీసీటీవీ దీనికి పూర్తిగా తలకిందులు: ఎంతయినా తినేస్తుంది, రెండు సెకన్లు ఆలస్యమైనా నష్టం లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌కు లేటెన్సీ పెరిగితే టైప్ చేసిన అక్షరం ఆగి ఆగి పడుతుంది, మనిషికి విసుగొస్తుంది.

ప్రతి పనికీ పక్కన ఇంకో గడి పెట్టండి: అవతలి వాళ్లు మన ఐపీని చూసి లోపలికి రానిస్తున్నారా? కొన్ని బ్యాంకు పోర్టళ్లు, సప్లయర్ల సైట్లు, ఈ-ఇన్‌వాయిస్ ఏపీఐ నేరుగా వాడేవాళ్ల సర్వర్లు ముందే నమోదైన స్టాటిక్ ఐపీ నుంచే పనిచేస్తాయి. ఈ గడి నింపకపోతే మారిన మర్నాడు పొద్దున అకౌంట్స్ సెక్షన్ మొత్తం మీ బల్ల చుట్టూ ఉంటుంది.

మూడో అడుగు: మారకముందే కొలవండి

కనీసం రెండు వారాలు. ఒక చిన్న పాత కంప్యూటర్ పెట్టి ప్రతి లైను మీదా రోజంతా పింగ్ రాయించినా చాలు. నెలలో 11, 20 తేదీలు అందులో పడేలా చూసుకోండి. జీఎస్‌టీఆర్-1, 3బీ గడువులు అవే కాబట్టి ఆఫీసు మీద భారం అసలు ఎంతో అప్పుడే కనిపిస్తుంది. సాయంత్రం ఏడు నుంచి పదకొండు మధ్య బ్రాడ్‌బ్యాండ్ అంకెలు విడిగా చూడండి, ఊరంతా వీడియోలు చూసే సమయం అది. ఈ అంకెలు లేకుండా మారితే, తర్వాత బాగుపడిందో లేదో చెప్పడానికి మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

దూరానికి ఒక హద్దుందని కూడా గుర్తుంచుకోండి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 1000 కిలోమీటర్లు వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు కావాలి, దాన్ని ఏ బాక్సూ తగ్గించలేదు. మీ అప్లికేషన్ క్లౌడ్‌లో ఉంటే అది ముంబయిలో ఉందో, 2022లో మొదలైన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్‌లో ఉందో కనుక్కోండి.

నాలుగో అడుగు: లైన్లు, ఐపీలు

బ్రాంచీల్లో మామూలు బ్రాడ్‌బ్యాండ్ సరిపోతుంది. హెడ్డాఫీసులో మాత్రం రెండు వేర్వేరు కంపెనీల లీజ్డ్ లైన్లు, రెంటికీ పబ్లిక్ స్టాటిక్ ఐపీ తప్పనిసరి. కారణం చెప్తాను. సిమ్‌లకూ చాలా బ్రాడ్‌బ్యాండ్‌లకూ మనకంటూ సొంత పబ్లిక్ ఐపీ రాదు. 100.64తో మొదలై 100.127 దాకా ఉండే ఐపీ మీ రూటర్‌కు కనబడిందంటే మీరు కంపెనీ వాడే ఉమ్మడి నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నారు. అక్కణ్నుంచి బయటికి టన్నెల్ వేయొచ్చు, బయటి నుంచి మీ దగ్గరికి ఎవరూ నేరుగా రాలేరు. రెండు వైపులా అలాగే ఉంటే చాలాసార్లు టన్నెల్ నిలబడదు. ఒక కొస గట్టిగా నాటుకుని ఉండాలి, అది హెడ్డాఫీసు.

ఐదో అడుగు: ఆకారం నిర్ణయించండి

ప్రతి బ్రాంచి నుంచి ప్రతి బ్రాంచికీ టన్నెల్ వేస్తామని వెండర్లు ఉత్సాహంగా చెప్తారు. 15 చోట్ల మధ్య జతలు 105. చోటుకు రెండు లైన్లుంటే 420 టన్నెళ్ల దాకా పోతుంది. ఏలూరు బ్రాంచికి పాలకొల్లు బ్రాంచితో నేరుగా ఏం పని? ఫోన్ కాల్స్ ఉంటే ఉండొచ్చు. లేకపోతే అన్నీ హెడ్డాఫీసుకే కలపండి. టన్నెళ్లు తక్కువైతే తప్పు వెతకడం తేలిక.

ఇంటర్నెట్ పనుల్ని బ్రాంచి నుంచే నేరుగా బయటికి వదలాలా, హెడ్డాఫీసు మీదుగా తిప్పాలా అన్నది అసలు ప్రశ్న. మెయిల్, వీడియో మీటింగులు, వాట్సాప్ నేరుగా వదలండి. వాటిని విజయవాడ దాకా లాక్కొచ్చి మళ్లీ బయటికి పంపడం దండగ. ఐపీ చూసి రానిచ్చే బ్యాంకు పోర్టళ్లను హెడ్డాఫీసు మీదుగానే పంపండి. ఇక్కడ ఇంకో కిటుకు ఉంది. టన్నెల్ లోపల నడిచే పని లైన్ మారినా తెగదు, ఎందుకంటే లోపలి ఐపీలు మారవు. నేరుగా బయటికి వెళ్లేదానికి లైన్ మారితే పబ్లిక్ ఐపీ మారిపోతుంది, సెషన్ తెగుతుంది, మళ్లీ ఓటీపీతో లాగిన్ కావాలి. కాబట్టి అలాంటి పనుల్ని చిన్న తేడాలకు లైన్ మార్చకుండా ఒకదానికే కట్టేయండి, ఆ లైన్ పూర్తిగా పోతేనే మారేలా.

ఆరో అడుగు: వెండర్‌ను ఏం అడగాలి

బ్రోషర్లలో అన్నీ ఒకేలా ఉంటాయి. నేను అడిగేవి కొన్నే. లైసెన్స్ గడువు అయిపోతే బాక్సు పనిచేస్తూనే ఉంటుందా, ఆగిపోతుందా? కంట్రోలర్ అందకపోతే బ్రాంచీల మధ్య ట్రాఫిక్ నడుస్తుందా? లైసెన్స్ బ్యాండ్‌విడ్త్ లెక్కనా, బాక్సు లెక్కనా? ఎన్‌క్రిప్షన్, ఫైర్‌వాల్ అన్నీ ఆన్ చేసినప్పుడు బాక్సు ఎంత ట్రాఫిక్ లాగుతుంది? బాక్సు కాలిపోతే పార్వతీపురానికి ఎన్ని రోజుల్లో ఇంకొకటి వస్తుంది? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ధర ఐదేళ్లకు లెక్కేయండి, ఎందుకంటే మొదటి ఏడాది చౌకగా కనబడేది రెన్యువల్‌లో భారమవుతుంది.

ఏడో అడుగు: పైలట్ ఎక్కడ పెట్టాలి

హెడ్డాఫీసు పక్క బ్రాంచిలో పైలట్ పెట్టకండి, అక్కడ ఏదైనా పనిచేస్తుంది. రెండు ఎంచుకోండి: లైన్లు అన్నిటికంటే అధ్వానంగా ఉన్నది ఒకటి, అమ్మకాలు ఎక్కువున్నది ఒకటి. నెల రోజులు నడపండి.

బాక్సు కేబుల్ పెట్టగానే తనంతట తానే సెటప్ అవుతుందంటారు. లైన్ ఐపీని ఆటోమేటిక్‌గా ఇస్తే అది నిజమే. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగే పీపీపీఓఈ లైనయితే, స్టాటిక్ ఐపీ లైనయితే బాక్సుకు ముందే చెప్పి పంపాలి. లేదా మొదటిసారి సిమ్‌తో లేపాలి. బాక్సు గడియారం తప్పుంటే సర్టిఫికెట్ చెల్లదని కంట్రోలర్ రానివ్వదు. గంట కొట్టుకుని చివరికి టైమ్ సరిచేస్తే లేచిన సందర్భం నాకుంది.

పైలట్‌లో తప్పక ఎదురయ్యేది ఎంటీయూ, అంటే లైన్లో పట్టే అతిపెద్ద ప్యాకెట్ సైజు. దీని మీద కాస్త నిలబడతాను, ఎందుకంటే 'బిల్లు తిరుగుతోంది' అన్నదాని వెనక చాలాసార్లు ఇదే ఉంటుంది. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా పోతుంది. పీపీపీఓఈ అందులో 8 తీసుకుంటుంది, 1492 మిగులుతుంది. టన్నెల్ తన ఎన్‌క్రిప్షన్ పొరలకు ఇంకో 60 నుంచి 80 తీసుకుంటుంది. లోపల మిగిలేది 1400 చిల్లర. చిన్న ప్యాకెట్లు హాయిగా పోతాయి, అందుకే పింగ్ వెళ్తుంది, లాగిన్ పేజీ వస్తుంది. నిండు ప్యాకెట్లతో వచ్చే పెద్ద బిల్లు పట్టక దారిలో పడిపోతుంది, కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, గుండ్రం తిరుగుతుంది.

కనిపెట్టడం తేలిక. పింగ్‌లో 'ముక్కలు చేయొద్దు' ఆప్షన్ పెట్టి 1472 బైట్లతో మొదలుపెట్టండి. 28 బైట్ల హెడర్లు కలిపితే 1500. వెళ్లకపోతే తగ్గించుకుంటూ రండి. 1372 దగ్గర వెళ్లిందంటే దారి వెడల్పు 1400. అందులోంచి 40 తీసి, టీసీపీ ఎంఎస్ఎస్ (ఒక ప్యాకెట్లో అసలు డేటా ఎంత దాకా ఉండొచ్చన్న హద్దు) 1360 అని బాక్సులో పెట్టండి. ఆ అధ్వాన్నమైన బ్రాంచిలో ఈ ఒక్క అంకె మార్చిన రోజు నుంచి మేనేజర్ ఫోన్ చేయడం మానేశాడు.

ఎనిమిదో అడుగు: రూల్స్ రాయడం

తక్కువ రాయండి. మూడు తరగతులు చాలు: మాటలు, బిల్లింగ్, మిగతావన్నీ. మాటలకు హద్దులు: లాస్ 1 శాతం, జిట్టర్ 30 మిల్లీసెకన్లు, ఒక వైపు ఆలస్యం 150. ఆ 150 అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ తన జీ.114లో సిఫార్సు చేసిన అంకె. బిల్లింగ్‌కు వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు దాటితే మారమనండి. మిగతావి ఏ లైన్లో ఖాళీ ఉంటే అందులో. 4జీ సిమ్ మీద సీసీటీవీ పోకుండా గట్టిగా ఆపండి, లేకపోతే డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది.

డిఫాల్ట్ అంకెల్ని నమ్మొద్దు. సిస్కో ఎస్‌డీ-వాన్‌లో లైన్ నాణ్యతను లెక్కగట్టే గడువు డిఫాల్ట్‌గా 10 నిమిషాలు, అలాంటివి ఆరు కలిపి సగటు చూస్తుంది. లైన్ పాడైనా గుర్తించి మారేసరికి పది నిమిషాల నుంచి గంట పట్టొచ్చు. కౌంటర్లో గంటంటే సాయంత్రపు అమ్మకం మొత్తం. అలాగని మరీ తగ్గిస్తే చిన్న కుదుపుకే అటూ ఇటూ ఊగుతుంది. ఒకటి రెండు నిమిషాల దగ్గర మొదలుపెట్టి, తిరిగి పాత లైనుకు రావడానికి మాత్రం ఇంకాస్త ఎక్కువసేపు ఆగమనండి. రెండు లైన్లూ అంతంతమాత్రంగా ఉన్న బ్రాంచిలో ఫోన్ ప్యాకెట్లను రెండింటి మీదా ఒకేసారి పంపే సౌకర్యం వాడుకోండి. మాటలకు పట్టే బ్యాండ్‌విడ్త్ ఎలాగూ తక్కువే.

తొమ్మిదో అడుగు: రాత్రికి ఒక బ్రాంచి

పాత ఎంపీఎల్‌ఎస్ లైన్లుంటే (టెలికం కంపెనీ బ్రాంచీలను కలిపి ఇచ్చే ప్రైవేటు నెట్‌వర్కు) వెంటనే తీసేయకండి. కాంట్రాక్టులో నోటీసు ఎన్ని రోజులో ముందే చూసి, అన్నీ మారిన నెల తర్వాత తీసేలా తేదీ లెక్కేసుకోండి. మారే కాలంలో ఒకే బ్రాంచి నెట్‌వర్కుకు హెడ్డాఫీసులో రెండు దారులు కనిపిస్తాయి, పాతదీ కొత్తదీ. వెళ్లేది కొత్తదాంట్లో, వచ్చేది పాతదాంట్లో అయితే ఫైర్‌వాల్ ప్యాకెట్లను పారేస్తుంది. ఏ దారికి ప్రాధాన్యమో ప్రతి బ్రాంచికీ మార్చే ముందే స్పష్టంగా రాసిపెట్టండి.

కౌంటర్ మూసేశాక మొదలుపెట్టండి. ముందు అక్కడున్న వాళ్ల చేత కేబుళ్ల ఫొటో తీయించండి, ఏ వైరు ఏ పోర్టులో ఉందో కనబడేలా. ఒక బిల్లు, ఒక ఈ-వే బిల్లు, ఒక కార్డు లావాదేవీ, ఒక ఫోన్ కాల్, ఒక ప్రింటు. ఐదూ చేసి చూడాలి. రాత్రి పదకొండుకల్లా ఐదూ కాకపోతే ఫొటో చూసి వైర్లు పాత చోటికే పెట్టించి, పడుకోండి. మూడు బ్రాంచీల తర్వాత చేయి తిరుగుతుంది, అప్పుడు కూడా రాత్రికి రెండు మించొద్దు.

పదో అడుగు: భద్రత

బ్రాంచి నుంచి నేరుగా ఇంటర్నెట్ వదిలామంటే 14 కొత్త తలుపులు తెరిచామన్నమాట. ప్రతి బాక్సులో ఫైర్‌వాల్ ఆన్‌లో ఉండాలి. సీసీటీవీ, కార్డు మిషన్లు, బిల్లింగ్, గెస్ట్ వైఫై నాలుగూ నాలుగు వేర్వేరు సెగ్మెంట్లు, అంటే ఒకదాన్నుంచి ఒకటి విడదీసిన నెట్‌వర్కులు. కెమెరా రికార్డర్‌లోంచి బిల్లింగ్ కంప్యూటర్‌కు దారి ఉండకూడదు. కంట్రోలర్ లాగిన్‌కు రెండో ధ్రువీకరణ తప్పదు, ఆ ఒక్క పాస్‌వర్డ్‌తో బ్రాంచీలన్నీ ఎవరి చేతిలోకైనా పోతాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సైబర్ సంఘటన తెలిసిన ఆరు గంటల్లో చెప్పాలి. కంట్రోలర్ విదేశీ క్లౌడ్‌లో ఉంటే లాగ్‌ల కాపీ ఇక్కడికి వచ్చేలా మొదటి రోజే అమర్చండి.

తర్వాత ప్రతి నెలా

కంట్రోలర్‌లో ప్రతి లైన్ చరిత్రా ఉంటుంది. నెల మొదట్లో ఆ గ్రాఫులు ప్రింట్ తీసి లైన్ కంపెనీ ముందు పెట్టండి. "నెట్ స్లోగా ఉంది" అంటే వాళ్లు టికెట్ మూసేస్తారు. "ఫలానా తేదీ సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా 4 శాతం లాస్, రెండో లైనుకు అదే సమయంలో సున్నా" అంటే ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మనిషిని పంపుతారు. గోదావరి జిల్లా బ్రాంచిలో రెండో లైన్ దారి మార్పించింది ఇలాంటి కాగితమే. ఇప్పుడది వెనక సందులోంచి కాకుండా ముందు రోడ్డు పక్క కందకంలోంచి వస్తుంది.

ఇంకొకటి. నెలకోసారి, పనివేళల్లో, మేనేజర్‌కు ముందే చెప్పి, ఒక్కో బ్రాంచిలో మొదటి లైన్ వైరు పీకించండి. పది నిమిషాలు అలాగే ఉంచండి. మీరు హెడ్డాఫీసు నుంచి ఆ బ్రాంచి ఇంటర్‌కామ్‌కు ఫోన్ చేసి మాట్లాడుతూ ఉండగానే పీకమనండి. మాట తెగకుండా, అవతలి మనిషి "పీకేశాను సార్, ఇంకా వినబడుతున్నారు" అనాలి. అలా అనని బ్రాంచి పేరు రాసుకుని, ఆ వారంలోనే అక్కడికి బయల్దేరండి.